ఆయాసం ఉన్నా నడవవచ్చు - కొలత ప్రకారం

ఆరోగ్య పాఠం: దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి గలవారికి వ్యాయామం



చలికాలంలో ఛాతీ వార్డు మంచాలు త్వరగా నిండిపోతాయి. ఆయాసంతో, దగ్గుతో, కళ్ళెతో వచ్చినవారు నెబ్యులైజరు, ఆక్సిజన్, మందులతో నాలుగైదు రోజులకు తేరుకుంటారు. డిశ్చార్జి అయ్యే రోజున వారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "డాక్టరుగారూ, ఇక నేను కదలకుండా పడుకోవలసిందేనా?" ఇంటివారు కూడా అదే మంచిదని నమ్ముతారు. కోడలు మంచినీళ్ళు మంచం దగ్గరకే తెస్తుంది. "మామయ్యా, మీరు లేవకండి, నేను ఇస్తాను కదా" అంటుంది. ఆమె ప్రేమలో లోపం లేదు. కాని ఆ విధంగా నెల రోజులు గడిస్తే మామయ్యగారికి బాత్రూముకు వెళ్ళి రావటం కూడా కష్టమవుతుంది. అది ఎందుకు జరుగుతుందో, దానిని ఎలా ఆపాలో ఈ పాఠంలో నేర్చుకుందాము.

ఈ జబ్బు ఏమిటి?

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులలో ముఖ్యమైనది సి.ఓ.పి.డి. ఇందులో గాలిగొట్టాల లోపలి పొర వాచి, కళ్ళె చేరి, దారి ఇరుకవుతుంది. గొట్టాల చివర ద్రాక్షగుత్తుల వలె ఉండే గాలి సంచుల గోడలు చెడిపోయి, సాగే గుణం పోతుంది. ఊపిరి లోపలికి తీసుకోవటం కంటే బయటకు వదలటమే వీరికి ఎక్కువ కష్టం.

బీడీ, సిగరెట్టు, చుట్ట దీనికి పెద్ద కారణం. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాలలో కొందరు స్త్రీలు నిప్పు వైపు నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చే అలవాటు ఉన్నది. పొగ త్రాగని స్త్రీలకు కూడా ఈ జబ్బు వస్తుంది. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి ఊదినవారు, రాతి దుమ్ము, ప్రత్తి దుమ్ములో పని చేసినవారు, క్షయ నయమైనా ఊపిరితిత్తులలో మచ్చలు మిగిలినవారు కూడా ఆయాసంతో వస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సి.ఓ.పి.డి. వలన సుమారు 35 లక్షల మంది చనిపోయారు.

చెడిపోయిన గాలి సంచులు మళ్ళీ మొదటి స్థితికి రావు. ఈ మాట మేము దాచము. అయితే ఆయాసానికి కారణం ఊపిరితిత్తులు మాత్రమే కాదు. బాగుచేయగలిగిన కారణం మరొకటి ఉన్నది. అది కాళ్ళలో ఉన్నది.

ఊపిరితిత్తుల జబ్బుకు కాళ్ళతో ఏమి పని?

ఆయాసం వస్తుందని మనిషి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడల కండ, పిక్కల కండ కరిగిపోతుంది. బలహీనమైన కండ ఆక్సిజన్‌ను సరిగా వాడుకోలేదు. కొద్ది పనికే అలసి, ఆమ్లము ఎక్కువగా తయారు చేస్తుంది. ఆ ఆమ్లమును సరిచేయటానికి ఊపిరి ఇంకా వేగంగా ఆడవలసి వస్తుంది. ఊపిరి వేగమైనప్పుడు గాలి పూర్తిగా బయటకు పోవటానికి సమయం చాలదు. పాత గాలి లోపలే నిలిచిపోయి, ఛాతీ బిగుసుకుంటుంది. ఆయాసం పెరుగుతుంది. అప్పుడు భయపడి మనిషి ఇంకా తక్కువ కదులుతాడు. ఇది గానుగెద్దు తిరిగినట్లు తిరుగుతూనే ఉంటుంది. నెల నెలకూ మనిషి తిరిగే చోటు తగ్గుతుంది. మొదట బజారు మానేస్తాడు, తరువాత గుడి, తరువాత వీధి అరుగు, చివరికి మంచం.

ఆసుపత్రిలో పడుకున్న రోజులలో ఈ నష్టం వేగంగా జరుగుతుంది. 2007లో ప్రచురింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, ఏ జబ్బు లేని వృద్ధులను 10 రోజులు మంచంలోనే ఉంచి చూశారు. వారి కాళ్ళలో సుమారు ఒక కిలో కండ తగ్గిపోయింది. జ్వరంతో, తక్కువ తిండితో ఉన్న రోగి సంగతి మనం ఊహించుకోవచ్చు.

ఊపిరితిత్తి ఎంత చెడినదో అంతే ఉన్నా, కాళ్ళకు బలం వస్తే అదే దూరం తక్కువ ఆయాసంతో నడవగలరు. ఈ పాఠమంతటికీ ఇదే మూలం.

"ఛాతీ జబ్బుకు మంచమే మందు" అనే మాట

ఈ మాట మన పెద్దలు ఊరకే అనలేదు. క్షయకు మందులు లేని కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి నడిపిన శానిటోరియం పేరు మన సంఘాలలో చాలామందికి తెలుసు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ గారు అక్కడ మొదటి సూపరింటెండెంటు. ఛాతీ జబ్బు అనగానే నెలల తరబడి పడుకోవటం అనే తలంపు అటువంటి కాలం నుండి వచ్చినది.

మందులు వచ్చిన తరువాత ఆ తలంపును పరీక్షించినది కూడా మన ప్రక్కనే ఉన్న మద్రాసులో. అక్కడ క్షయ పరిశోధనా కేంద్రంలో 1956లో ప్రారంభమై 1959లో ప్రచురింపబడిన పరిశోధనలో, కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరికి ఇంటి దగ్గరే మందులు ఇచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవారికి అంత విశ్రాంతీ లేదు, అంత మంచి తిండీ లేదు. అయినను మందులు సరిగా వాడినవారు ఇంచుమించు శానిటోరియం రోగుల వలెనే బాగుపడ్డారు. మంచం మీద పడుకోవటం వలన వస్తుందనుకున్న మేలు మందుల వలన వచ్చినదని తేలింది.

సి.ఓ.పి.డి. విషయంలో 1960లలో అమెరికాలోని డెన్వర్ నగరంలో డాక్టర్ థామస్ పెట్టీ, ఆయనతో పనిచేసినవారు రోగులకు మందులతో పాటు ఊపిరి తీసుకొనే పద్ధతి, నడక నేర్పించే కార్యక్రమం నడిపి, 1969లో దాని ఫలితాలు ప్రకటించారు. దీనినే ఇప్పుడు పల్మనరీ రిహాబిలిటేషన్ అంటున్నారు. జబ్బుతో కుంగినవారిని తమ పనులు తాము చేసుకొనే స్థితికి మళ్ళీ తీసుకురావటం అని దీని అర్థం. 2015లో కాక్రేన్ అనే సంస్థ 65 పరిశోధనలను, 3,822 మంది రోగుల వివరాలను కలిపి చూచింది. ఈ శిక్షణ పొందినవారికి ఆయాసం, అలసట తగ్గాయి. ఆరు నిమిషాలలో నడవగల దూరం సగటున సుమారు 44 మీటర్లు పెరిగింది. 44 మీటర్లు ఆరోగ్యవంతునికి లెక్క కాదు. మంచం నుండి పెరటి వరకే నడిచే తాతగారికి వీధి చివరి అంగడి వరకు అన్నమాట.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇందులో తొందర పడకూడదు, ఆలస్యమూ చేయకూడదు. జబ్బు ఉద్రేకించి ఆసుపత్రిలో చేరిన రెండు రోజులలోనే గట్టి వ్యాయామం మొదలుపెట్టి చూచిన ఒక ఇంగ్లాండు పరిశోధన 2014లో వచ్చింది. దాని వలన మళ్ళీ ఆసుపత్రిలో చేరటం తగ్గలేదు. అందుకని 2017లో యూరప్, అమెరికా ఛాతీ వైద్య సంఘాలు కలిసి ఒక సలహా ఇచ్చాయి: పూర్తి శిక్షణ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాక, ఇంటికి వెళ్ళిన మూడు వారాలలోపు మొదలుపెట్టటం మంచిది.

ఆలస్యం వలన ఎంత నష్టమో 2020లో వచ్చిన మరొక అమెరికా పరిశోధన చూపించింది. సి.ఓ.పి.డి.తో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్ళిన 1,97,376 మంది వృద్ధుల వివరాలు అందులో ఉన్నాయి. 90 రోజులలోపు ఈ శిక్షణ మొదలుపెట్టినవారిలో ఒక సంవత్సరంలో చనిపోయినవారు నూటికి సుమారు 7 మంది. ఆలస్యంగా మొదలుపెట్టినవారు, అసలు చేయనివారు కలిపి చూస్తే నూటికి సుమారు 20 మంది. శిక్షణకు రాగలిగినవారు ముందే కొంత బలంగా ఉండి ఉండవచ్చు గనుక ఈ తేడా అంతా వ్యాయామం వలననే అని చెప్పలేము. అయినను విచారించవలసిన సంగతి ఏమిటంటే, 90 రోజులలోపు మొదలుపెట్టినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ధనిక దేశంలోనే ఇట్లుంటే, మన దగ్గర మందుల చీటీ తీసుకొని వెళ్ళి, నడక చీటీ మరచిపోయేవారు ఎంతమందో!

వార్డులో ఉన్నప్పుడు చేయవలసినది

ఆసుపత్రిలో ఉన్న రోజులలో మా ఉద్దేశం ఒకటే: ఉన్న కండను పోనివ్వకూడదు. డాక్టరుగారు అనుమతించిన తరువాత, సిస్టర్ గాని ఫిజియోథెరపిస్టు గాని దగ్గర ఉండగా ఈ క్రింది విధంగా చేయిస్తారు.

1. పగటి పూట పడుకొని ఉండక, దిండ్లు ఆనించుకొని గాని కుర్చీలో గాని కూర్చోవటం. భోజనం కుర్చీలో కూర్చొనే చేయటం.

2. మంచం మీదనే పాదాలను పైకి, క్రిందికి ఆడించటం, మోకాలు చాపి ఐదు అంకెలు లెక్కించి దించటం. గంటకొకసారి పదేసి పర్యాయములు.

3. మంచం అంచున కూర్చొని లేచి నిలబడటం. మొదటి రోజు మూడు సార్లు చాలు.

4. మంచం నుండి బాత్రూము వరకు, తరువాత వార్డు తలుపు వరకు, తరువాత వరండా చివరి వరకు నడక. ఆక్సిజన్ అవసరమైనవారు ఆక్సిజన్‌తోనే నడుస్తారు.

ఇంటికి వెళ్ళే ముందు వీలైనవారికి ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు. సాధారణంగా 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. మధ్యలో ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు. వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో చూస్తారు. ఇది పోటీ కాదు. మందుకు మోతాదు నిర్ణయించినట్లు నడకకు మోతాదు నిర్ణయించటానికే ఈ పరీక్ష.

ఊపిరి వదిలే పాఠం

నడకకు ముందు ఇది నేర్చుకోవాలి. ముక్కుతో నెమ్మదిగా రెండు అంకెలు లెక్కించేంత సేపు గాలి తీసుకోండి. వేడి పాలు ఊదుకొనేటప్పటి వలె పెదవులు దగ్గరకు చేర్చి, నాలుగు అంకెలు లెక్కించేంత సేపు సన్నగా వదలండి. బుగ్గలు ఉబ్బించి బలవంతంగా ఊదకూడదు. ఈ విధంగా వదిలినప్పుడు గాలిగొట్టాలు త్వరగా మూసుకుపోకుండా తెరుచుకొని ఉంటాయి. లోపల నిలిచిన గాలి బయటకు వస్తుంది.

ఆయాసం ఎక్కువైనప్పుడు కూర్చొని ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించండి. నిలబడి ఉంటే గోడకు గాని బల్లకు గాని చేతులు ఆనించి ముందుకు వంగండి. చేతులకు ఆధారం దొరికినప్పుడు భుజాల కండలు ఊపిరికి సహాయం చేయగలుగుతాయి.

బరువైన పని ఏదైనా "ఊపిరి వదులుతూ" చేయాలి. కుర్చీలో నుండి లేచేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

ఎనిమిది వారాల నడక

ఈ క్రింది కొలత ఒక ఉదాహరణ మాత్రమే. మీ చీటీలో ఫిజియోథెరపిస్టు వ్రాసినదే మీకు ప్రమాణం.

మొదటి వారం: రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి. ఇట్లు ఐదు సార్లు. మొత్తం నడక 10 నిమిషాలు.

రెండవ వారం: మూడు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి. నాలుగు సార్లు. మొత్తం 12 నిమిషాలు.

మూడు, నాలుగు వారాలు: ఐదేసి నిమిషాలు మూడు సార్లు. మొత్తం 15 నిమిషాలు.

ఐదు, ఆరు వారాలు: పదేసి నిమిషాలు రెండు సార్లు. మొత్తం 20 నిమిషాలు.

ఏడు, ఎనిమిది వారాలు: ఒకటి రెండు సార్లు ఆగుతూ మొత్తం 30 నిమిషాలు.

వారంలో ఐదు రోజులు నడిస్తే మంచిది, మూడు రోజులకు తగ్గకూడదు. మొదటి కొద్ది నిమిషాలు, చివరి కొద్ది నిమిషాలు నెమ్మదిగా నడవాలి. ఒక వారం కొలత కష్టమనిపిస్తే అదే వారం మళ్ళీ చేయండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఎంత ఆయాసం ఉండవచ్చు? ఆయాసానికి సున్న నుండి పది వరకు మార్కులు వేసుకోండి. సున్న అంటే ఏమీ లేదు. పది అంటే ఇక భరించలేను. నడిచేటప్పుడు మూడు, నాలుగు మార్కుల దగ్గర ఉండాలి. చిన్న మాట మాట్లాడగలరు గాని పాట పాడలేరు, అదే సరియైన వేగం. ఒక మార్కు కూడా రాకపోతే ఆ నడక మరీ తేలిక. ఆరు దాటితే ఆగి, ముందుకు వంగి, ఊపిరి వదలండి. రెండు మూడు నిమిషాలలో ఆయాసం దిగిపోతే భయపడనక్కరలేదు. ఆయాసం వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తి పాడైపోదు.

నడవటానికి మైదానం అక్కరలేదు. ఇంటి వరండా చాలు. జేబులో పది చింతపిక్కలు వేసుకొని, ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్కటి రెండవ జేబులో వేయండి. ఎన్ని చుట్లు తిరిగారో పుస్తకంలో వ్రాసి, తిరిగి చూపించుకోవటానికి వచ్చినప్పుడు తీసుకురండి. చలికాలంలో మంచు విడిచి ఎండ వచ్చిన తరువాత, వేసవిలో ఎండ ముదరక ముందు నడవాలి. చెత్త తగులబెట్టే చోట, భోగి మంటల పొగలో, టపాసుల పొగలో నడవరాదు.

బలం కోసం వారానికి రెండు మూడు రోజులు ఇవి కూడా చేయండి: చేతులు పట్టుకోకుండా కుర్చీలో నుండి లేచి కూర్చోవటం, గోడ పట్టుకొని మునివేళ్ళ మీద లేవటం, ఒక్క మెట్టు ఎక్కి దిగటం, అర లీటరు నీళ్ళ సీసా రెండు చేతులతో భుజం ఎత్తు వరకు ఎత్తటం. ఒక్కొక్కటి ఎనిమిది సార్లతో మొదలుపెట్టండి. తల దువ్వుకొనేటప్పుడు, బట్టలు ఆరవేసేటప్పుడు ఆయాసం వచ్చేవారికి చేతుల వ్యాయామం చాలా అవసరం. చేతులు పైకి ఎత్తినప్పుడు ఊపిరికి సహాయపడే భుజాల కండలు ఆ పనిలో పడిపోతాయి గనుక ఆయాసం వస్తుంది.

ఎప్పుడు ఆగాలి? ఎవరు చేయకూడదు?

నడుస్తుండగా ఛాతీలో నొప్పి గాని బరువు గాని, తల తిరగటం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవటం, పెదవులు నీలంగా మారటం కనిపిస్తే వెంటనే ఆగండి. ఆక్సీమీటరు ఉన్నవారు 88 కంటే తగ్గితే, లేక డాక్టరుగారు మీకు చెప్పిన అంకె కంటే తగ్గితే ఆగాలి. గోళ్ళ రంగు, ముదురు గోరింటాకు ఉన్న వేలికి, చల్లబడిన వేలికి అది తప్పు చూపించవచ్చు.

పది నిమిషాలు కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీ నొప్పి ఆగకపోయినా, మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడినా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి. కళ్ళె పసుపు, ఆకుపచ్చ రంగుకు మారి ఎక్కువైనా, పాదాలు వాచినా ఆ రోజే వచ్చి చూపించుకోవాలి.

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, జ్వరంతో ఉన్నవారు, క్షయకు వైద్యం ఇప్పుడే మొదలైనవారు డాక్టరుగారిని అడగకుండా ఈ వ్యాయామం ప్రారంభించకూడదు.

వ్యాయామంతో పాటు కావలసినవి

మందు: ఇన్‌హేలరు మానివేసి నడిస్తే నడక సాగదు. గొట్టాలు తెరిచే ఇన్‌హేలరును నడకకు పావుగంట ముందు వాడమని డాక్టరుగారు చెప్పి ఉంటే అట్లే చేయండి. స్పేసరుతో పీల్చే పద్ధతి సిస్టర్ దగ్గర ఒకసారి చేసి చూపించండి. స్టెరాయిడు ఉన్న ఇన్‌హేలరు వాడిన తరువాత నోరు పుక్కిలించాలి. ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా టీకాల గురించి అడిగి తెలుసుకోండి.

ఆహారం: ఊపిరి ఆడటానికే వీరి శరీరం ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. కడుపు నిండా ఒకేసారి తింటే ఆయాసం వస్తుంది గనుక కొద్ది కొద్దిగా ఐదారు సార్లు పెట్టండి. గంజి, చారన్నం మాత్రమే పెడితే కండ రాదు. గ్రుడ్డు, పప్పు, పెరుగు, చేపలు, వేరుశెనగ పచ్చడి ఉండాలి. మూత్రపిండాల జబ్బు గాని చక్కెర వ్యాధి గాని ఉన్నవారు డాక్టరుగారి సలహా తీసుకోవాలి.

పొగ: పొగాకు మానకుండా చేసే వ్యాయామం చిల్లు కుండలో నీళ్ళు పోయటం వంటిది. ఒంటరిగా మానలేనివారు మా దగ్గరకు రండి, మందులున్నాయి, సహాయం ఉన్నది. 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత ఫోను కూడా ఉన్నది. వంట గ్యాసు పొయ్యి మీద చేయండి. కట్టెల పొయ్యి తప్పనప్పుడు ఆరుబయట గాని, పొగ పోయే దారి ఉన్న చోట గాని పెట్టండి, రోగిని దూరంగా ఉంచండి.

ఆక్సిజన్: ఇంట్లో ఆక్సిజన్ వాడేవారు డాక్టరుగారు వ్రాసిన అంకెను తమంతట తాము పెంచకూడదు. ఈ జబ్బులో మితిమీరిన ఆక్సిజన్ కూడా హాని చేస్తుంది. ఆ గదిలో బీడీ, అగరబత్తి, దీపం, కొవ్వొత్తి ఏదీ వెలిగించరాదు. కుటుంబ ప్రార్థనకు, క్రిస్మసుకు కొవ్వొత్తులు వెలిగించే మన ఇళ్ళలో ఈ మాట ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకోవాలి.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై రెండేళ్ళు. ఈ వయస్సులో వ్యాయామం వలన ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. వయస్సు పెరిగినా కండ పనికి తగినట్లు బలపడుతుంది. కుర్చీలో నుండి మూడు సార్లు లేవటంతో మొదలుపెట్టండి. వచ్చే నెల ఎన్ని సార్లు లేస్తారో మీరే చూడండి.

ప్రశ్న: ఇంటి పనులు చేసుకుంటూనే ఉన్నాను కదా సిస్టర్, వేరే నడక ఎందుకు?

జవాబు: ఇంటి పనిలో అలసట ఉంటుంది గాని, ఆగకుండా కొంతసేపు సాగే నడక ఉండదమ్మా. పని ఆపి పది నిమిషాలు ప్రత్యేకంగా నడవండి. బలం ఆదా చేసుకోవటానికి కూరలు కూర్చొని తరగండి, స్నానం స్టూలు మీద కూర్చొని చేయండి.

ప్రశ్న: ఎనిమిది వారాల తరువాత మానివేయవచ్చునా?

జవాబు: మానితే కొన్ని నెలలలో వచ్చిన బలం పోతుంది. ఇన్‌హేలరు వలె నడక కూడా ప్రతిదినమూ ఉండవలసినదే. మధ్యలో జబ్బు చేసి ఆగినవారు మొదటి వారం కొలతతో తిరిగి ప్రారంభించాలి.

ప్రశ్న: రాత్రివేళ ఆయాసం వస్తే చచ్చిపోతానేమో అని భయం వేస్తుంది.

జవాబు: ఈ భయం చాలామందికి ఉన్నది. అది అవిశ్వాసం కాదు, జబ్బులో ఒక భాగం. లేచి కూర్చొని ముందుకు వంగి, పెదవులతో నెమ్మదిగా వదలండి. చెప్పిన ఇన్‌హేలరు వాడండి. ఇంటివారిని లేపటానికి మొహమాటపడకండి. భయం, దిగులు రోజూ ఉంటే డాక్టరుగారితో చెప్పండి. దానికి కూడా వైద్యం ఉన్నది.

కుటుంబానికి, సంఘానికి ఒక మాట

రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయా సంగతి చదువుతాము. ఆయన బలం ఉడిగి, ఇక చాలునని చెట్టు క్రింద పడుకొన్నాడు. దేవుని దూత ఆయనను గద్దించలేదు. తట్టి లేపి ఆహారం చూపించాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకొన్నాడు. రెండవసారి దూత వచ్చి మళ్ళీ తినమన్నాడు, ఎందుకంటే ముందున్న ప్రయాణం ఆయన శక్తికి మించినది. ఆ తరువాత ఏలీయా లేచి నడిచాడు. ఆహారం ఉన్నది, నిద్ర ఉన్నది, మళ్ళీ ఆహారం ఉన్నది, నడక కూడా ఉన్నది. తట్టి లేపే ఒక చేయి ఉన్నది.

మన ఇళ్ళలో ఆ చేయి కావాలి. "పడుకోండి మామయ్యా" అనటానికి బదులు "రండి మామయ్యా, వరండాలో నాలుగు చుట్లు తిరుగుదాము" అనండి. నీళ్ళ గ్లాసు మంచం దగ్గరకు తేవటానికి బదులు, ఆయన లేచి తెచ్చుకుంటుండగా ప్రక్కన నిలబడండి. ఆయాసం వచ్చినప్పుడు కంగారుగా కేకలు వేయక, ఆయనతో కలిసి ఊపిరి లెక్కించండి.

సంఘ పెద్దలు, యౌవనస్థులు కూడా చేయగలిగినది ఉన్నది. ఆయాసం వలన ఆరాధనకు రావటం మానివేసినవారు మీ వీధిలో ఎవరున్నారో చూడండి. వారి ఇంటి నుండి గుడి వరకు దారిలో రెండు చోట్ల కుర్చీ వేయించండి. పది నిమిషాల దారికి అర గంట ముందు బయలుదేరి, వారి అడుగుకు మీ అడుగు కలపండి. పాటలప్పుడు కూర్చొనే పాడనివ్వండి. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ రోజు వారికి దూరంగా కూర్చోండి.

ఈ పాఠం చదివినవారు వీటికి జవాబు చెప్పగలరేమో చూసుకోండి:

1. ఊపిరితిత్తుల జబ్బులో కాళ్ళ కండ ఎందుకు ముఖ్యం?
2. డిశ్చార్జి అయిన తరువాత ఎన్ని వారాలలోపు శిక్షణ మొదలుపెట్టాలి?
3. నడకలో ఆయాసం ఎన్ని మార్కుల దగ్గర ఉండాలి?
4. వెంటనే ఆగవలసిన గుర్తులు మూడు చెప్పండి.
5. ఆక్సిజన్ ఉన్న గదిలో ఏమి వెలిగించకూడదు?

మీరు గాని మీ ఇంటివారు గాని ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్నట్లయితే, డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు నడక చీటీ కూడా అడిగి తీసుకోండి. మనకు ఊపిరి ఇచ్చిన దేవుడు మీ అడుగులను స్థిరపరచును గాక. ఆమేన్.